బంగారమూ పలుగురాయీ

కేజీఎఫ్ సినిమా మనలో చాలామందిమి చూసే ఉంటాం. అందులో గని 1951లో బయటపడుతుంది. నిజంగా అయితే, ఆ ఏడాదికి కోలార్ గనులు అప్పటికే ఏడు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. ఆ గనుల గురించి చదవడం మొదలుపెట్టింది బంగారం కోసమే. కానీ చివరికి నా బుర్రలో ఉండిపోయింది మాత్రం బంగారంతో కలిసి వచ్చిన పలుగురాయి. అదే, క్వార్ట్జ్.

బంగారం ఎక్కడైనా ఉంటుంది. మామూలు రాయి ఒక టన్ను తీసుకుంటే అందులో కొన్ని మిల్లీగ్రాములే. తవ్వితే గిట్టుబాటు కావాలంటే అది కనీసం వెయ్యి రెట్లు చిక్కబడాలి. ఆ పని చేసింది నీళ్లు. కోలార్ రాళ్లు సుమారు 270 కోట్ల ఏళ్ల నాటివి. లోతున వేడికి, ఒత్తిడికి రాళ్లలోంచి వేడినీళ్లు బయటపడి పగుళ్ల వెంట పైకి వచ్చాయి. బంగారం దేనితోనూ అంత తేలిగ్గా కలవదు కదా, తుప్పు పట్టదు, నల్లబడదు. అందుకే దానికంత విలువ. కానీ ఆ నీళ్లలో ఉన్న గంధకం దాన్ని కరిగించి తనతో మోసుకొచ్చింది. దారిలో ఇనుము ఎక్కువున్న నల్లరాళ్లు తగిలాయి. గంధకం వెళ్లి ఇనుముతో కలిసింది. తోడు పోయిన బంగారం అక్కడే దిగబడింది. అదే నీళ్లలో కరిగి ఉన్న సిలికా కూడా గడ్డకట్టి పలుగురాయి అయింది. తెల్లటి పలుగుచారల్లో బంగారు రేణువులు కనబడేది అందుకే. రెండూ ఒకే నీళ్లలో కలిసి వచ్చాయి.

వాటిని విడదీయడమే కోలార్ చరిత్ర.

టిప్పు ఓడిపోయాక మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన జాన్ వారెన్, 1802లో ఇక్కడ బంగారం ఉందన్న మాట విన్నాడు. ఇనాం ఇస్తానంటే ఊళ్లవాళ్లు మట్టి తెచ్చి, ఆయన కళ్లముందే కడిగి పసిడి రేణువులు చూపించారు. అంటే అతను కనిపెట్టిందేమీ లేదు, వాళ్లకు తెలిసింది రాసుకున్నాడంతే. ఆ రాత చదివిన లావెల్ అనే మాజీ సైనికుడు 1870లలో తవ్వకానికి అనుమతి తెచ్చుకున్నాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చింది. కంపెనీకి అసలు చార దొరికింది ఎక్కడనుకున్నారు? ఎప్పుడో ఎవరో తవ్వి వదిలేసిన పాత గుంతల కిందే.

ఆ తర్వాత అంతా వేగమే. 1902లో శివసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఇంకో మూడేళ్లకు. 1887లో గ్లాస్గోలో పుట్టిన సైనైడ్ పద్ధతి ఇక్కడికీ చేరింది. చూడండి, కింద గంధకం చేసిన పనే పైన సైనైడ్ చేసింది. మొండి బంగారాన్ని మళ్లీ నీళ్లలో కరిగించింది. గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. మొదట్లో టన్ను రాయికి 40 గ్రాములకు పైగా దొరికిన బంగారం, చివరికి 3 గ్రాముల దగ్గరికి పడిపోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

నూట ఇరవై ఏళ్లలో తీసింది సుమారు 800 టన్నులు. బంగారం సాంద్రత 19.3 కాబట్టి లెక్క వేసి చూశాను. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న పడగ్గదిలో దాదాపుగా పట్టేస్తుంది. అంతే.

మరి పలుగురాయి ఏమైంది? కొంత పొడై, సైనైడ్ నీళ్లలో తడిసి, ఊరి చుట్టూ దిబ్బలైంది. 3 కోట్ల టన్నులకు పైనే. గాలి కాలంలో ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. ఇంకొంత, రాయిని తొలిచినప్పుడు లేచిన సన్నటి ధూళిగా, తొలిచినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. సిలికోసిస్ అంటే అదే. 1940లలోనే ఇక్కడి కార్మికులను పరీక్షించి ఆ జబ్బును నమోదు చేశారు. ఆ కార్మికుల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన దళితులు. బంగారం ఓడెక్కింది, సిలికా వాళ్ల దగ్గర ఉండిపోయింది.

ఇది పొరుగు రాష్ట్రం కథే కాదు. కోలార్ రాతిపట్టీ దక్షిణంగా మన కుప్పం వైపుకీ వస్తుంది. అక్కడి చిగురుగుంట, బిసానత్తం గనులు మళ్లీ తెరవడం గురించి వార్తలు వస్తూనే ఉన్నాయి. కోలార్‌లో దిబ్బల్ని తిరగతోడి మిగిలిన బంగారం తీయాలన్న ఆలోచనా ఉంది. టన్నుకు ఎన్ని గ్రాములన్న లెక్క ఆ వార్తల్లో ఉంటుంది. లేచే దుమ్ము లెక్క కనబడదు.

కేజీఎఫ్ నుంచి ఇప్పటికీ తెల్లవారుజామునే వేలమంది రైలెక్కి బెంగళూరుకు పనికి వస్తారు. తాతలు భూమి లోపలికి దిగిన ఊరు అది. రైలు కిటికీలోంచి ముందుగా కనిపించేది మాత్రం ఆ దిబ్బలే.