ఇ-క్యాట్

ఇ-క్యాట్ అనేది ఇటలీ దేశస్థుడు ఆండ్రియా రోసీ రూపొందించానని ప్రకటించిన ఉష్ణోత్పాదక పరికరం. ఇందులో నికెల్ పొడికి, హైడ్రోజన్‌కు మధ్య కేంద్రక చర్య జరిగి, వాడిన విద్యుత్తు కంటే అనేక రెట్ల ఉష్ణం వెలువడుతుందని ఈయన వాదన. రోసీ ప్రమేయం లేని పరీక్షలో ఈ వాదన నేటివరకు రుజువు కాలేదు.

ప్రదర్శన - కొలతలు

2011 జనవరి 14న బొలోనియా నగరంలో, భౌతికశాస్త్ర విశ్రాంత ఆచార్యుడు సెర్జియో ఫొకార్డీతో కలసి రోసీ దీనిని ప్రదర్శించాడు. పరికరం గుండా నీటిని పంపి, బయటికి వచ్చిన ఆవిరిని బట్టి ఉష్ణాన్ని లెక్కగట్టారు. చిక్కు ఇక్కడే ఉంది. కిలో నీటిని 20 డిగ్రీల నుండి 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి సుమారు 335 కిలోజౌళ్ళు చాలు. ఆ నీటిని పూర్తిగా ఆవిరి చేయాలంటే మరో 2,257 కిలోజౌళ్ళు కావాలి. ఎసరు మరిగినంత మాత్రాన నీళ్ళన్నీ ఇగిరిపోవు గదా! చాలా భాగం వేడినీరుగానే బయటికి పోతున్నా అంతా ఆవిరైందని లెక్కవేస్తే, లేని శక్తి కాగితం మీద ఏడు రెట్ల దాకా కనిపించగలదు. వెలువడిన ఆవిరిని బరువు తెలిసిన చన్నీటిలోకి పంపి, ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూస్తే సందేహం తీరుతుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులు కెలోరీమీటరుతో చేసే ప్రయోగం ఇటువంటిదే.

నికెల్ రాగిగా మారుతుందని కూడా చెప్పారు. అలా జరిగితే వెలువడవలసిన గామా కిరణాలు కొలతల్లో కనబడలేదు. వాడిన పొడిలో దొరికిన రాగి ఐసోటోపుల నిష్పత్తి ప్రకృతిలో లభించే రాగిలో ఉన్నట్లే ఉంది.

స్వతంత్ర పరీక్ష

2012లో ఆస్ట్రేలియా వ్యాపారవేత్త డిక్ స్మిత్, పరికరం పనిచేస్తుందని స్వతంత్రంగా నిరూపిస్తే 10 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. రోసీ అంగీకరించలేదు. విపణియే తనకు తీర్పరి అని ఈయన పలుమార్లు చెప్పాడు. తయారీ రహస్యాన్ని కాపాడుకోవడం ఆవిష్కర్త హక్కే. అయితే పెట్టె మూత తీయకుండానే, లోపలికి పోయే విద్యుత్తును, బయటికి వచ్చే వేడిని ఇతరులు తమ సొంత మీటర్లతో కొలవవచ్చు. కనుక రహస్యం అనే కారణం పరీక్షకు అడ్డు కాజాలదు.

2014లో స్విట్జర్లాండులోని లుగానోలో 32 రోజుల పరీక్ష జరిగింది. దానిని స్వతంత్రమైనదిగా పేర్కొన్నారు. కానీ ఇంధనాన్ని పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రోసీ స్వయంగా పాల్గొన్నట్లు నివేదికలోనే ఉంది. పరీక్షించవలసిన వస్తువును ముట్టుకోకూడని వ్యక్తి ఈయన ఒక్కడే!

2015లో అమెరికా ప్రభుత్వం రోసీకి ద్రవాలను వేడిచేసే పరికరం పేరిట పేటెంటు ఇచ్చింది. అది కేంద్రక చర్యకు ధ్రువపత్రం కాదు.

వ్యాజ్యం

అమెరికాకు చెందిన ఇండస్ట్రియల్ హీట్ సంస్థ రోసీకి కోటికి పైగా డాలర్లు చెల్లించింది. తరువాత ఆ ఫలితాలను తాము తిరిగి సాధించలేకపోయామని ప్రకటించింది. మిగిలిన 8.9 కోట్ల డాలర్ల కోసం రోసీ 2016లో దావా వేశాడు. 2017 జూలైలో ఇరుపక్షాలు రాజీపడ్డాయి. పరికరం పనిచేస్తుందా లేదా అన్నది న్యాయస్థానం తేల్చలేదు.

భారతదేశంలో

1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్ళై మూలికలతో నీటిని పెట్రోలుగా మారుస్తానని ప్రకటించి సంచలనం కలిగించాడు. ఆ పేరుతో ఇంధనం అమ్మి ప్రజలను మోసగించాడన్న సి.బి.ఐ. కేసులో, 2016 అక్టోబరులో చెన్నై న్యాయస్థానం ఈయనకు మూడేళ్ళ జైలుశిక్ష విధించింది. ఇ-క్యాట్ విషయమై రోసీపై అటువంటి తీర్పేదీ లేదు.