ప్రభువు బల్ల యొద్దకు రాదగినవారెవరు?

ఈ శతవార్షిక సంచికలో మన దేవాలయాలను, బడులను, ఆసుపత్రులను గూర్చి పెద్దలెందరో వ్రాస్తున్నారు. మేము ఒక చిన్న సంగతిని గూర్చి వ్రాయబూనుకున్నాము. మన ప్రజలు ప్రభురాత్రి భోజనానికి ఎలా వచ్చారు, కొందరు ఎందుకు రాలేకపోయారు అన్నదే ఆ సంగతి.

మా చిన్నతనములో, చిత్తూరుకు దగ్గరలోని మా పల్లె గుడిలో, సంస్కారపు ఆదివారమున ప్రసంగము ముగియగానే ఒక అవ్వ కొంగు తలమీదికి లాక్కొని బయటికి వెళ్లి చింతచెట్టు కింద కూర్చునేది. ఆరాధనకు ఒక్క వారమైనా తప్పేది కాదు. "ఏమవ్వా, బయటికొచ్చేసినావు?" అని అడిగితే, "నేనేడ, ఆ బల్లేడ నాయనా! యోగ్యత లేకుండా తింటే శిచ్చ తప్పదని చదివినారు గదా" అనేది. మేమూ అదే నిజమనుకున్నాము. ఇటువంటి అవ్వలు, తాతలు మన సంఘాలలో ఎందరో ఉన్నారు.

ఆమె భయానికి ఆధారము కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయము. అయితే అక్కడున్న మాట "అయోగ్యులు" అని కాదు, "అయోగ్యముగా" అని. అది మనిషిని గూర్చిన మాట కాదు, తినే తీరును గూర్చిన మాట. కొరింథులో ఆ తీరు ఎటువంటిదో అపొస్తలుడే వివరించాడు. కలిగినవారు ముందుగా తమ భోజనము తాము తినేవారు. లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. పేదలను సిగ్గుపరచుటే అక్కడి అయోగ్యత. తన్ను తాను పరీక్షించుకొమ్మన్న పౌలు, పరీక్షించుకొని వెళ్లిపొమ్మనలేదు, తినమన్నాడు.

దక్షిణదేశపు సంఘాలకు కొరింథు తప్పు తెలియనిది కాదు. 19వ శతాబ్ది ఆరంభములో తంజావూరు మొదలైన చోట్ల పైకులాల నుండి వచ్చిన విశ్వాసులు వేరుగా కూర్చొని, సంస్కారమును ముందుగా పుచ్చుకునేవారు. ఈ భేదమును పూర్తిగా విడిచిపెట్టవలెనని 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ లేఖ పంపగా, కొందరు సంఘాన్నే విడిచి వెళ్లారు. 1850లో మద్రాసు మిషనరీ కాన్ఫరెన్సు మరొక అడుగు వేసింది. కులము విడిచానని చెప్పేవాడు ఏ కులపు క్రైస్తవునితోనైనా కలిసి భోజనము చేసి చూపవలెనన్నది.

మూడేండ్లకు, 1853లో, అమెరికా రిఫార్మ్‌డ్ సంఘము పక్షాన స్కడ్డర్ సోదరులు ఆర్కాటు మిషను స్థాపించారు. చిత్తూరు దాని తొలి కేంద్రాలలో ఒకటి. 1863లో జేకబ్ చేంబర్లిన్ మదనపల్లెకు వచ్చారు. ఆ దశాబ్దములోనే హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు సూళ్లూరుపేట వైపున పని ప్రారంభించి, తరువాత కాళహస్తి, తిరుపతి ప్రాంతాలకు విస్తరించారు. దక్షిణాంధ్ర లూథరన్ సంఘము వారి పనినుండి పుట్టినదే. దానికి తిరుపతి కేంద్రమైనది.

ఈ మిషనుల బోధ విని వచ్చినవారిలో అత్యధికులు ఊరి వెలుపలి పల్లెలవారు. ఊరి బావికీ గుడికీ దూరముగా ఉంచబడి, "మీకు తగదు" అనే మాటను తరతరాలుగా విన్నవారు. వారి చేతిలో అదే రొట్టె, వారి పెదవులకు అదే పాత్ర అందుట సామాన్యమైన సంగతి కాదు. అయినను చెవిలో నిలిచిన పాత మాట అంత త్వరగా పోదు. మనుష్యులు చెప్పిన "తగదు"ను దేవుడే చెప్పాడని మా అవ్వవంటివారు అనుకున్నారు.

దేవుడు అలా చెప్పలేదని ఆ మిషనుల ప్రశ్నోత్తరులే సాక్ష్యమిస్తున్నవి. ఉపవాసము మంచిదే గాని, "మీ కొరకు" అన్న క్రీస్తు మాటను నమ్మినవాడే యోగ్యుడని 1529 నాటి లూథరు చిన్న ప్రశ్నోత్తరి బోధిస్తుంది. తమ పాపములను బట్టి తమను తామే అసహ్యించుకొనుచు, క్రీస్తునందలి క్షమాపణను నమ్మి, బ్రతుకు దిద్దుకొనగోరువారు రావలెనని 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి చెబుతుంది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము 1950లో సిద్ధపరచిన ఆరాధన క్రమములో, కనాను స్త్రీ మాటలను తలపించే పాత ప్రార్థన ఒకటి ఉన్నది. బల్ల కింది రొట్టెముక్కలకైనను మేము తగము అని చెప్పుకొని, ఆ వెంటనే లేచి బల్ల యొద్దకే వెళతాము!

మా పల్లెకు వచ్చిన ఒక అయ్యగారు శ్రమకాలమంతా ఈ సంగతినే బోధించారు. ఆ ఈస్టరు నాడు అందరూ పుచ్చుకున్న పిమ్మట, పళ్లెము మూయకుండా ఆయన నిలుచున్నారు. చాలాసేపటికి అవ్వ లేచి వచ్చింది. ఆమె చేతులు వణకుచుండెను.

ఆ దినము మాకు సంతోషము కలిగింది. సిగ్గు మాత్రము తరువాత కలిగింది. అన్నేండ్లు ఆమె చెట్టు కింద ఉండగా లోపల మేము తిన్నాము. లోపలికి రమ్మని చేయి పట్టుకున్నవారు మాలో ఒక్కరూ లేరు. అయోగ్యముగా తిన్నదెవరు?

నూరేండ్లు నడిపించిన ప్రభువు మరొక నూరేండ్లలోనికి మనలను పిలుచుచున్నాడు. సంస్కారపు ఆదివారమున మనము బల్ల యొద్దకు పోకముందు ఒకసారి చెట్టు వైపు చూతుము గాక. ఆయనకే మహిమ కలుగును గాక.