గర్భసంచి శస్త్రచికిత్స తర్వాత వాపు: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుల పాత్ర ఏమిటి?

ఖరగ్‌పూర్: బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఇక్కడి నుంచి విశాఖపట్నానికి 700 కిలోమీటర్లకు పైగా దూరం. శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీలు ఇటువంటి సుదీర్ఘ ప్రయాణానికి ముందు రెండు రకాల వాపుల మధ్య తేడాను తెలుసుకోవడం అవసరం.

రెండు వాపులు

గర్భసంచి తొలగింపు తర్వాత కోత చుట్టూ కొద్దిపాటి వాపు, నొప్పి గాయం మానే ప్రక్రియలో భాగం. జ్వరం, చీము, దుర్వాసనతో కూడిన స్రావం ఉంటే ఇన్‌ఫెక్షన్‌గా అనుమానించాలి. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే లోతైన సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

రక్తప్రవాహం మందగించడం, రక్తనాళం దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే స్వభావం పెరగడం ఇందుకు ప్రధాన కారణాలు. శస్త్రచికిత్స తర్వాత ఈ మూడూ ఒకేసారి ఏర్పడవచ్చు. గాయం వల్ల కలిగే వాపు ప్రక్రియ కూడా గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుంది.

మందులు

హెపారిన్‌ను 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్‌లీన్ గుర్తించారు. ఆ కోవకు చెందిన ఎనాక్సాపారిన్‌ను నేడు సాధారణంగా పొట్టపై చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. బరువు, మూత్రపిండాల పనితీరును బట్టి వైద్యులు మోతాదు నిర్ణయిస్తారు. క్యాన్సర్ కోసం జరిగే పెద్ద శస్త్రచికిత్సల తర్వాత దీనిని సుమారు 28 రోజుల వరకు కొనసాగించవచ్చు.

‘రక్తాన్ని పలుచబరిచే మందులు’ అన్నది వాడుక మాట మాత్రమే. ఇవి రక్తాన్ని పలుచన చేయవు, గడ్డకట్టకుండా అడ్డుకుంటాయి. కోత వద్ద వాపు తగ్గించేందుకు వీటిని ఇవ్వరు.

జాగ్రత్తలు

వాపు తగ్గుతుందని ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలను సొంతంగా వాడరాదు. ఈ మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఒక మోతాదు మరచిపోతే తర్వాత రెండు కలిపి తీసుకోరాదు; వైద్యుని సలహా పొందాలి. అధిక రక్తస్రావం, నల్లని మలం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణం గడ్డల ముప్పును పెంచుతుంది. అందువల్ల ప్రయాణానికి వైద్యుని అనుమతి తీసుకోవాలి. రైలులో మధ్య మధ్య నడవాలి, మడమలు కదిలించాలి, తగినంత నీరు తాగాలి. మందుల చీటీని వెంట ఉంచుకోవాలి. అకస్మాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే గమ్యం చేరేవరకు వేచి ఉండక, రైల్వే సహాయ సంఖ్య 139కు తెలియజేయాలి.