బాలికల బడి ఎవరి కోసం?



ఈ వారం మీకు చెప్పబోయే కథ జపాను దేశానిది. కథ అంటున్నాను గాని, ఇది జరిగిన చరిత్రే. దేశం దూరమైనా ఇందులోని చిక్కు మాత్రం ఆడపిల్లను బడికి పంపే ప్రతి ఇంటికీ తెలిసినదే. అందుకని కాస్త పనులు పక్కన పెట్టి వినండి.

2015వ సంవత్సరం చివరిలో నాలుగో తరగతి చదువుతున్న ఒక బిడ్డ ఇంటి పెద్దలు, కవాసాకి నగరంలోని ఒక బాలికల పాఠశాలవారిని ఒక సంగతి అడిగారు. జపాను మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచే బడి అది. అక్కడ పన్నెండేళ్ల వయసులో ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఈ బిడ్డ పుట్టినప్పుడు కాగితాలలో మగపిల్లవాడని రాశారు. కాని బిడ్డ మనసు తాను ఆడపిల్లననే చెబుతోంది. వైద్యులు కూడా పరీక్షించి ఆ విషయం నిర్ధారించారు. ఇలాంటివారినే ఇప్పుడు ట్రాన్స్‌జెండర్ అంటున్నారు. మా బిడ్డను ఈ పరీక్షకు కూర్చోనిస్తారా, అన్నదే ఆ పెద్దల ప్రశ్న.

బడివారు ప్రశ్నను తోసిపారేయలేదు. కూర్చుని ఆలోచించారు. చివరికి, దీనికి ఇంకా సమయం రాలేదు, మా దగ్గర తగిన ఏర్పాట్లు లేవు అన్నారు.

ఈ జవాబు సబబా, కాదా అని తేల్చేముందు అసలు ఆ దేశంలో ఆడపిల్లల బళ్లు ఎలా పుట్టాయో తెలుసుకోవాలి. ఆ బళ్లు ఎందుకు కట్టారో తెలిస్తేనే గదా, ఎవరికోసం కట్టారో తెలిసేది!

జపానులో 1872లో చదువుల శాసనం వచ్చింది. మగపిల్లలతోపాటు ఆడపిల్లలూ బడికి వెళ్లాలని ప్రభుత్వం ప్రకటించింది. మరి వాళ్లకు చదువు చెప్పేదెవరు? అందుకని 1874లో టోక్యోలో స్త్రీలకోసం ఒక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఏర్పాటు చేసి, మరుసటి ఏడాది తరగతులు మొదలుపెట్టారు. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచినది కూడా ఆ 1874లోనే! ఒకరి ఊసు ఒకరికి తెలియకుండానే, రెండు దేశాలలో ఒకే ఏడు ఆడపిల్ల చేతికి పలక వచ్చిందన్నమాట. టోక్యోలోని ఆ బడే తర్వాత పెరిగి పెద్దదై 1949లో ఓచనోమిజు విశ్వవిద్యాలయం అయింది.

ఇక త్సుదా ఉమేకో అని ఒకావిడ. 1871లో జపాను ప్రభుత్వం ఐదుగురు ఆడపిల్లలను చదువుకు అమెరికా పంపితే, అందరిలోకి చిన్నది ఈవిడే. ఓడ ఎక్కేనాటికి ఆరేళ్లు. పదకొండేళ్ల తర్వాత తిరిగి వచ్చేసరికి మాతృభాషే మరిచిపోయింది! అంత చదువు చదివి వస్తే, ఆ చదువుకు తగిన పనేదీ ప్రభుత్వం దగ్గర సిద్ధంగా లేదు. ఆవిడ అలాగని ఊరుకోలేదు. 1900లో పదిమంది విద్యార్థినులతో సొంతంగా బడి పెట్టింది. 2024లో జపాను ఐదువేల యెన్ల నోటుమీద అచ్చువేసిన బొమ్మ ఈవిడదే.

మరుసటి ఏడు, అంటే 1901లో, నారుసె జింజో అనే ఆయన జపాను మహిళా విశ్వవిద్యాలయం స్థాపించారు. ఇందాకటి ప్రశ్న వెళ్లిన బడి దీనికి చెందినదే. ఆనాటి ప్రభుత్వం దృష్టిలో ఆడపిల్ల చదువంటే మంచి ఇల్లాలుగా, తెలివిగల తల్లిగా తయారుచెయ్యడం. నారుసె గారు వరస మార్చారు. ఆడపిల్లను మొదట మనిషిగా చూసి చదువు చెప్పాలి, తర్వాత స్త్రీగా, ఆ తర్వాత దేశ పౌరురాలిగా అన్నారు. మనిషి అన్నమాట ముందు పెట్టారు, గమనించండి.

ఇంతకీ స్త్రీలకు విడిగా బళ్లు ఎందుకు కట్టవలసి వచ్చింది? మగవారి విద్యాలయాల తలుపు మూసి ఉన్నది గనుక. ఆ దేశపు పెద్ద చదువులన్నీ ఇంపీరియల్ యూనివర్శిటీలలో ఉండేవి. 1913లో సెందాయి నగరంలోని తొహోకు యూనివర్శిటీ మొట్టమొదటిసారి ముగ్గురు స్త్రీలను చేర్చుకుంది. వెంటనే విద్యాశాఖ నుంచి జాబు వచ్చింది. ఇలాంటిది పూర్వం ఎన్నడూ లేదు, ఇది చాలా గంభీరమైన వ్యవహారం, బాగా చర్చించవలసినది అని దాని సారాంశం. యూనివర్శిటీ వెనక్కు తగ్గలేదు. ముగ్గురూ చదివారు. అందులో కురోదా చికా అనే ఆవిడ కుసుమపువ్వు వంటి మొక్కల రంగుల రసాయనం మీద పరిశోధనలు చేసి పేరు తెచ్చుకుంది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఓచనోమిజు పూర్వపు బడిలో చదివినవారు, ఒకరు నారుసె గారి విద్యాలయంలో చదివినవారు. ఆడవాళ్ల బడి పెంచిన పిల్లలే మగవాళ్ల బడి తలుపు తెరిపించారు.

ఇప్పుడు మళ్లీ 2015కు వద్దాం. ఇంకా సమయం రాలేదు అన్న జవాబుకూ, పూర్వం ఎన్నడూ లేదు అన్న 1913 నాటి జాబుకూ పోలిక కనిపిస్తోంది కదూ? అయితే తేడా కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడితే న్యాయం కాదు. 1913లో ఆడపిల్లలు వెళ్లినవి అందరి పన్నులతో నడిచే పెద్ద విద్యాలయాలు. బాలికల బడి అలాంటిది కాదు. అది ఆడపిల్లకు దొరికిన కొద్దిపాటి నీడ. అక్కడ బట్టలు మార్చుకునే గది ఉంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది, ఆటల పీరియడ్ ఉంటుంది. ఆడపిల్లల బడి అయితేనే పంపుతాం అన్న ఇళ్లు మన వీధుల్లో ఎన్ని లేవు? ఆ నీడ ఎక్కడ చెదురుతుందో అని ఒక తల్లి భయపడితే ఆవిడను మూర్ఖురాలు అనడానికి వీల్లేదు.

కాని రెండోవైపు తల్లి మాటా వినాలి. ఆమె బిడ్డను మగపిల్లల మధ్య కూర్చోబెడితే ఆ గదిలో, ఆ మరుగుదొడ్డిలో ఆ బిడ్డకు ఏ రక్షణ ఉంటుంది? ఆ దేశపు చట్టం కూడా వీరికి దారి చూపలేదు. జపానులో ప్రతి ఇంటికీ కుటుంబ రిజిస్టరు ఉంటుంది. పెద్ద కొడుకు, పెద్ద కూతురు అని అందులో రాస్తారు. ఆ రాత మార్చుకోవడానికి 2003లో ఒక చట్టం చేశారు గాని, అప్పట్లో ఇరవై ఏళ్లు నిండితేనే దరఖాస్తు పెట్టుకోవాలి. 2022లో ఆ వయసు పద్దెనిమిదికి తగ్గింది. పదేళ్ల బిడ్డను రిజిస్టరు మార్చుకుని రమ్మంటే అయ్యే పని కాదు.

ఆ బడివారు కాదన్నా, ప్రశ్న మాత్రం అక్కడితో ఆగలేదు. 2017 ఫిబ్రవరిలో జపాను మహిళా విశ్వవిద్యాలయమే ఈ విషయంమీద ఒక బహిరంగ సదస్సు జరిపింది. అదే ఏడు సెప్టెంబరులో ఆ దేశపు పండితమండలి అయిన సైన్సు కౌన్సిలు, ఇలాంటివారిని మహిళా విద్యాలయాలు చేర్చుకోకపోవడం వారి చదువుకునే హక్కుకు భంగమని అభిప్రాయం తెలిపింది. 2018 జూలైలో ఓచనోమిజు అధ్యక్షురాలు మురోఫుషి కిమికో గారు పత్రికలవారిని పిలిచి, 2020 నుంచి ట్రాన్స్‌జెండర్ స్త్రీలను చేర్చుకుంటామని ప్రకటించారు. చదవాలన్న కోరిక ఉన్న ప్రతి స్త్రీకీ తమ విద్యాలయం తోడుగా నిలవాలన్నది వారు ఏనాడో రాసుకున్న ఆశయమే.

ప్రకటన వెలువడగానే మెచ్చుకున్నవారు ఉన్నారు, తిట్టిపోసినవారూ ఉన్నారు. ఆడవేషం వేసుకుని మగవాళ్లు చొరబడితే ఏం గతి అని అడిగారు కొందరు. ఓచనోమిజువారు ఈ మాటకు కోపగించి కూర్చోలేదు. దరఖాస్తుకు ముందే విద్యార్థిని తమతో మాట్లాడాలని పద్ధతి పెట్టారు. మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే చోట్లు మొదలైనవాటి విషయంలో ఎలా నడుచుకోవాలో మార్గదర్శకాలు రాసుకున్నారు. విద్యార్థిని గడప తొక్కకముందే ఈ పని పూర్తిచేశారు. నాకు అన్నిటికంటె నచ్చిన సంగతి ఇదే.

ఆపైన ఒకరి వెంట ఒకరు వచ్చారు. నారా మహిళా విశ్వవిద్యాలయం 2020లోనే, సెందాయిలోని మియాగి గకుయిన్ 2021లో తలుపు తెరిచాయి. జపాను మహిళా విశ్వవిద్యాలయం 2022లో ప్రకటించి 2024 నుంచి అమలుచేసింది. త్సుదా ఉమేకో పెట్టిన విద్యాలయం 2025 నుంచి. ఇవన్నీ పెద్దవాళ్ల చదువులకు సంబంధించినవి సుమండీ. పన్నెండేళ్ల పిల్లల బడి సంగతి ఇంకా సున్నితమైనది.

అన్ని దేశాలూ ఒకే దారి పట్టాయని అనుకోకండి. ఇంగ్లండులో 1872లో పుట్టిన ఒక సంస్థ ఇరవైకి పైగా బాలికల బళ్లు నడుపుతోంది. గర్ల్స్ డే స్కూల్ ట్రస్టు అంటారు. చట్టం లెక్కలో మగపిల్లలైనవారి దరఖాస్తులు తీసుకోమని వారు పెట్టుకున్న నియమం 2022 మొదట్లో బయటికి వచ్చింది. అలా తీసుకుంటే బాలికలకు మాత్రమే ప్రవేశం ఇవ్వడానికి 2010 నాటి సమానత్వ చట్టం కల్పించిన వెసులుబాటు పోతుందని వారి భయం. అయితే తమ బడిలో చదువుతూ, నేను అమ్మాయిని కాను, అబ్బాయిని అన్న పిల్లలను మాత్రం బయటికి పంపమన్నారు. 2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు, ఆ చట్టంలో స్త్రీ అన్నమాటకు పుట్టుకతో స్త్రీ అనే అర్థమని తీర్పు చెప్పింది. జపానువారు ఒక తీరున ఆలోచిస్తే, బ్రిటన్‌వారు మరో తీరున ఆలోచించారు.

మన దేశానికి వస్తే, 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును, హక్కులను అంగీకరిస్తూ తీర్పు ఇచ్చింది. 2019లో చేసిన చట్టంలో, ప్రభుత్వ సహాయమో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు వారిపట్ల వివక్ష చూపకుండా చదువు చెప్పాలని రాశారు. 2021లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు ఇటువంటి పిల్లలతో ఎలా మెలగాలో ఉపాధ్యాయులకు చెప్పే ఒక పుస్తకం తెచ్చారు. అభ్యంతరాలు రాగానే కొద్దిరోజుల్లోనే దాన్ని తమ వెబ్‌సైటు నుంచి తీసివేశారు. చట్టంలో ఒక వాక్యం రాయడం తేలిక. దాన్ని తరగతి గదిలోకి, మరుగుదొడ్డి గడియదాకా తీసుకువెళ్లడమే కష్టం.

ఇందాకటి బిడ్డ విషయంలో ఒక చిన్న లెక్క ఉంది. 2015 చివర్లో నాలుగో తరగతి చదివే జపాను పిల్లలు, వరసగా తరగతులు దాటితే హైస్కూలు చదువు ముగించేది 2024 మార్చిలో. జపాను మహిళా విశ్వవిద్యాలయం ఇలాంటివారికి తలుపు తెరిచినది 2024 ఏప్రిల్‌లో. అంటే ప్రశ్న వేసిననాటి నుంచి తలుపు తెరిచేనాటికి ఎనిమిదేళ్లు దాటాయి. నూటయాభై ఏళ్ల చరిత్రలో ఎనిమిదేళ్లు ఏపాటి? కాని ఆ బిడ్డకు బాల్యమంతా అదే కదా! మంచి జవాబే వచ్చింది గాని, బడికి వెళ్లే వయసు గడిచిపోయాక వచ్చింది. ఆ బిడ్డ పేరు మాత్రం ఎవరూ బయటపెట్టలేదు. మంచిపని చేశారు.

ఈ చరిత్ర వల్ల నాకు తోచినది చెబుతాను. ఆడపిల్లల బడికి గోడ ఉండాలి. ఆ గోడవల్ల చదువుకున్న వాళ్లం మనం. కాని ఆ బడి పుట్టింది, వేరే చోట చోటులేదు పొమ్మన్నవాళ్ల కోసమని మరిచిపోరాదు. సమయం రాలేదు అనే మాట ఒక్కోసారి నిజమే కావచ్చు. ఏర్పాట్లు లేనిచోటికి పసిబిడ్డను తోసి ఊరుకుంటే ఆ బిడ్డకూ కష్టం, తక్కిన పిల్లలకూ ఇబ్బందే. అయితే సమయం దానంతట అది రాదు. ఏర్పాట్లు చేస్తే వస్తుంది. ఓచనోమిజువారు చేసినది అదే.

అందుకని, ఈసారి మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల మీటింగుకు పిలిస్తే, మార్కుల సంగతి అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు కూడా వెయ్యండి. మరుగుదొడ్లకు సరైన గడియలు ఉన్నాయా? నలుగురిలో బట్టలు మార్చుకోవడానికి ఇబ్బందిపడే బిడ్డకు, అది ఏ బిడ్డయినా సరే, విడిగా ఒక గది ఉందా? వెక్కిరింతకు గురైన పిల్ల వెళ్లి చెప్పుకోవడానికి ఒక టీచరమ్మ ఉన్నదా అని కూడా అడగండి. ఇవి ఉంటే మన అమ్మాయికీ భద్రత, రేపు ఎవరో తల్లి భయం భయంగా తీసుకువచ్చే బిడ్డకూ భద్రత. ఇద్దరి అవసరమూ ఒక్కటేనని ఆలోచిస్తే తెలుస్తుంది.