పేరడగని ఫొటోలు

విదేశయాత్ర చేసి వచ్చినవారి ఫొటోలు చూసేటప్పుడు ఒక సంగతి మీరూ గమనించే ఉంటారు. ఏ కోట ముందో, చర్చి ముందో తీసిన బొమ్మ కింద ఆ కట్టడం పేరు, ఊరి పేరు, ఒక్కోసారి కట్టిన సంవత్సరం కూడా ఉంటాయి. ఆ పక్కనే ముడతలు పడిన ముఖంతో ఒక ముసలమ్మ నవ్వుతూ కనిపిస్తుంది. ఆ బొమ్మ కింద మాత్రం 'కూరగాయలమ్మే స్త్రీ' అనే రాసి ఉంటుంది. రాతికి పేరుంది, మనిషికి లేదు. ఈ అలవాటు డిజిటల్ కెమెరాతో వచ్చినది కాదు. దీని వయసు నూటయాభై ఏళ్ళకు పైమాటే.

జాన్ థామ్సన్ 1837లో ఎడింబరోలో పుట్టాడు. 1862లో సింగపూరు చేరి, సయాం, కంబోడియాలు తిరిగి, 1868లో హాంగ్‌కాంగ్‌లో స్టూడియో పెట్టాడు. అక్కడినుంచి 1872 వరకూ చైనా అంతా తిరుగుతూ ఫొటోలు తీశాడు. అప్పటి ఫొటో అంటే ఇప్పటిలా మీట నొక్కడం కాదు. గాజుపలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, వెంటనే అక్కడే చీకటి డేరాలో దాన్ని కడగాలి. గాజుపలకలు, రసాయనాల సీసాలు, డేరా, అంత పెద్ద కెమెరా... వీటన్నిటినీ కూలీలు మోసేవారు. ఎదుట కూర్చున్న మనిషి కొన్ని క్షణాలపాటు కదలకుండా ఉండాలి. అంటే ఆ రోజుల్లో దొంగచాటుగా ఒకరి ముఖాన్ని తీసుకుపోవడం సాధ్యమయ్యే పని కాదు. ఎదుటివారు ఒప్పుకోవాలి, కనీసం ఓర్చుకోవాలి.

అందరూ ఓర్చుకోలేదు. థామ్సన్ తన పుస్తకం ముందుమాటలోనే ఆ మాట చెప్పుకున్నాడు. కెమెరా కొండల్లోకీ మనుషుల ఆత్మల్లోకీ చూడగలదని, బొమ్మ తీయించుకున్నవాడి ప్రాణశక్తిలో కొంత దానిలోకి పోయి కొద్ది సంవత్సరాల్లోనే చచ్చిపోతాడని జనం నమ్మేవారట. చావ్‌చౌ దగ్గర వంతెనను ఫొటో తీస్తుండగా గుంపు రాళ్ళు రువ్వితే పడవలోకి పారిపోవలసి వచ్చింది. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మన ముసలివాళ్ళూ అనేవారు. దాన్ని మూఢనమ్మకమని నవ్వి ఊరుకోవడం తేలిక. నాకెందుకో ఆ భయంలో కాస్త లోకజ్ఞానం కూడా ఉందనిపిస్తుంది. ఏదో ఒకటి తమ దగ్గరనుంచి పోతోందని, అది ఎక్కడికి పోతుందో, ఎవరు చూస్తారో తమకు తెలియదని వాళ్ళు గ్రహించారు. పోయింది ప్రాణం కాదు, అంతే.

1873, 74 సంవత్సరాల్లో లండన్‌లో 'ఇలస్ట్రేషన్స్ ఆఫ్ చైనా అండ్ ఇట్స్ పీపుల్' నాలుగు సంపుటాలుగా, రెండు వందల ఫొటోలతో వెలువడింది. మొదటి బొమ్మ రాకుమారుడు కుంగ్‌ది. లీ హుంగ్‌జాంగ్ వంటి పెద్ద అధికారులకూ పేర్లున్నాయి. కిందికి దిగిన కొద్దీ పేర్లు రాలిపోతాయి. 'మంచూ పెళ్ళికూతురు', 'హాంగ్‌కాంగ్ చిత్రకారుడు', ఫార్మోసా దీవిలో బిడ్డనెత్తుకున్న ఆదివాసి తల్లి. ఆ బొమ్మలు మాత్రం గొప్పవి, అందులో సందేహం లేదు. ఆ తల్లి చూపులో ఉన్న అలసటనూ హుందాతనాన్నీ థామ్సన్ ఏమాత్రం చిన్నబుచ్చలేదు. పేరు ఒక్కటే లేదు.

అదే థామ్సన్ సొంత దేశంలో ఏం చేశాడో చూడండి. 1877, 78లలో ఎడాల్ఫ్ స్మిత్ అనే పాత్రికేయుడితో కలిసి 'స్ట్రీట్ లైఫ్ ఇన్ లండన్' ప్రచురించాడు. ఇందులోనూ ఉన్నది బీదవాళ్ళే. బండిలో కాపురముండే సంచారుల ఫొటో ఒకటుంది. బండి మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. తరువాత ఆ ఫొటోను పట్టుకెళ్ళి బండి యజమాని విలియం హాంప్టన్‌కు చూపిస్తే అతను గుర్తుపట్టి చెప్పాడు, ఆవిడ మేరీ ప్రాడ్ అని, కిందటి నెలలోనే హత్యకు గురైందని. బొమ్మను వెనక్కి తీసుకువెళ్ళి చూపించాడు కనుక పేరు దొరికింది. చైనాలో అలా వెనక్కి వెళ్ళే వీలు ఆ యాత్రికుడికి చాలా అరుదు. ఇవాళ ఓ ఊరు, రేపు మరో ఊరు, చివరికి ఓడ.

మరి బొమ్మలోని జనమే ఆ బొమ్మను చూస్తే? మన దేశం విషయంలో అది జరిగింది. 1868నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో మన ప్రజలు కులాల వారీగా, తెగల వారీగా నమూనాలుగా దర్శనమిస్తారు. 1869లో లండన్ వెళ్ళిన సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇండియా ఆఫీసులో ఆ పుస్తకం చూశారు. వెంట కొడుకు మహమూద్ ఉన్నాడు. అక్కడికి వచ్చిన ఒక ఇంగ్లీషు యువకుడు ఆ బొమ్మలు చూసి, నువ్వూ హిందుస్తానీవేనా అని మహమూద్‌ను అడిగాడు. ఆ కుర్రవాడు ముఖం ఎర్రబడి, అవునన్నాడు గాని, మేము ఇక్కడి ఆదిమజాతుల వాళ్ళం కాము, మా పూర్వులు మరో దేశంనుంచి వచ్చారని వెంటనే చెప్పుకున్నాడు. బొమ్మలోని మనుషులకంటే తాను వేరని చెప్పుకోవడమే ఆ క్షణంలో అతనికి తోచిన తప్పుదారి. అవమానం ఎంత దూరం పోగలదో దీనివల్ల తెలుస్తుంది.

ఇదంతా పాతకాలపు దొరతనం అనుకుందామంటే, 1984లో పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో ఒక బడి డేరాలో స్టీవ్ మెకరీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ఫొటో ఉంది. 1985 జూన్ నేషనల్ జియోగ్రఫిక్ ముఖచిత్రంగా వచ్చిన ఆ ఆకుపచ్చ కళ్ళను చూడనివారు తక్కువ. పదిహేడేళ్ళపాటు ఆమె పేరు 'ఆఫ్ఘన్ బాలిక'. 2002లో పత్రిక బృందం ఆమెను వెతుక్కుంటూ వెళ్ళింది. కంటిపాపల పోలికతో ఆమేనని నిర్ధారించారు. పేరు షర్బత్ గులా. ప్రపంచమంతా చూసిన తన ఫొటోను ఆమె చూడడం అదే మొదటిసారి. ఎవరో పరాయివాడు బొమ్మ తీశాడని, అప్పుడు తనకు కోపం వచ్చిందని మాత్రం ఆమెకు బాగా గుర్తుంది. ఆ కళ్ళలో ఉన్నది యుద్ధమని, శరణార్థుల వేదన అని అంతవరకూ ఎందరు ఎన్ని రాశారో! వాటిలో కొంత ఆ కెమెరా మీది కోపం కూడానన్నమాట.

పేరు తెలిశాక ఆమె కష్టాలేమీ తీరిపోలేదు. 2016లో నకిలీ గుర్తింపు కార్డు ఉందని పాకిస్తాన్‌లో అరెస్టు చేసి, ఆఫ్ఘనిస్తాన్‌కు పంపివేశారు. కాబూల్ తాలిబాన్ల చేతికి వచ్చాక, 2021 నవంబరులో ఇటలీ ఆమెకు ఆశ్రయమిచ్చింది. ఈసారి వార్తల్లో ఆ పాత ఫొటో పక్కన ఆమె పేరు కూడా ఉంది. థామ్సన్ గాజుపలకలు మాత్రం 1921లో, అతను పోయిన ఏడాదే, హెన్రీ వెల్‌కమ్ కొన్నాడు. ఆ ఫార్మోసా తల్లీ బిడ్డా ఇప్పుడు లండన్‌లో ఆ సేకరణలో ఉన్నారు. పేరడగడానికి ఎవరూ తిరిగి వెళ్ళలేదు.