లాబ్రడార్‌కు బీమా: కోహ్కా లెక్క

లాబ్రడార్ రిట్రీవర్‌కు బీమా తీసుకోవాలా వద్దా అన్నది ఆ జాతికి వచ్చే జబ్బులు, పాలసీలోని మినహాయింపులు, దగ్గర్లో దొరికే వైద్యం చూసి తేల్చుకోవలసిన విషయం. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా భిలాయిలో కోహ్కా ఒక పేట. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న పట్టణమిది. ఇక్కడి లెక్క హైదరాబాదు లెక్కలా ఉండదు.

స్వీడన్‌లో 1924లోనే కుక్కకు పాలసీ రాశారు. మన ప్రభుత్వరంగ సంస్థలు చాలాకాలం పాడిపశువుల బీమా తరహాలో, ప్రధానంగా కుక్క చనిపోతే సొమ్మిచ్చే పాలసీలు అమ్మాయి. శస్త్రచికిత్స, ఆసుపత్రి ఖర్చు, ఇతరులకు కలిగిన నష్టం, కుక్క తప్పిపోవడం వంటివి చేర్చిన పాలసీని బజాజ్ అలయన్జ్ 2020లో తెచ్చింది.

లాబ్రడార్‌ను ఎక్కువగా బాధించేవి తుంటి, మోచేతి కీళ్లు సరిగా అమరకపోవడం, ఊబకాయం. ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు ఆకలిని అదుపుచేసే జన్యువులో లోపం ఉందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో వెల్లడించారు. అలాంటి కుక్క ఎంత పెట్టినా ఇంకా అడుగుతూనే ఉంటుంది. జాలిపడి పెట్టిన ప్రతి ముద్ద బరువూ చివరికి ఆ కీళ్ల మీదే పడుతుంది. కొలిచి తిండి పెట్టడం ఏ పాలసీ కన్నా ముందు చేయవలసిన పని.

అసలు చిక్కు మినహాయింపుల్లో ఉంది. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బుకు డబ్బు రాదు. వంశపారంపర్య లోపాలను వదిలేసే పాలసీలూ ఉన్నాయి. తుంటి కీలు ఏ ఖాతాలోకి వస్తుందో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోకుండా లాబ్రడార్‌కు ప్రీమియం కట్టకూడదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మాట వేరు. చాలాసార్లు ఆసుపత్రిలో ఉంచకుండా మాత్రలతోనే నయం చేస్తారు కనుక, అవుట్ పేషెంట్ రక్షణ విడిగా కొనకపోతే ఆ ఖర్చు మనదే.

దుర్గ్ పక్కన అంజోరాలో పశువైద్య కళాశాల ఉండటం కోహ్కావాసులకు పెద్ద అండ. చిన్నాచితకా వైద్యానికి బీమా మీద ఆధారపడనక్కర్లేదు. ఎముక విరగడం, పేగులో ఏదో అడ్డుపడటం లాంటి హఠాత్తు శస్త్రచికిత్సలకు మాత్రం పాలసీ అక్కరకొస్తుంది. నల్లదో పసుపుదో లాబ్రడార్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మైక్రోచిప్ వేయించి, టీకాల కార్డు భద్రపరచాలి. లేదంటే క్లెయిమ్ సమయంలో ఇది మన కుక్కేనని నిరూపించడం కష్టం.

నెలకు 400 రూపాయలు విడిగా దాస్తే తొమ్మిదేళ్లకు 43,200 అవుతాయి. కానీ రెండో ఏటనే కాలు విరిగితే చేతిలో పదివేలైనా ఉండవు. ఏడాదిలోపు పిల్లకు పాలసీ తీసుకోవడం మేలనడానికి కారణం ఇదే. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కకు కొత్త పాలసీ దొరకడమే కష్టం. దానికి పొదుపే మిగిలిన దారి.