ఆభరణశిల్పి భావనకు ఆధారములు

నగను ధరించినవారి పేరు కథలలో నిలుచును. సమర్పించినవారి పేరు శాసనములలో నిలుచును. దానిని మనస్సున ఊహించి చేతులతో రూపొందించిన స్వర్ణకారుని పేరు మాత్రము తఱచుగా మఱుగుపడును. క్రీ. శ. 1513లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలేశునకు రత్నకిరీటమును సమర్పించినట్లు అచటి శాసనములు చెప్పుచున్నవి. అట్టి పనులు చేసిన శిల్పుల ఊహకు ఆధారములెవ్వియో తెలియవలెనన్న, నగల పనితనమును, వాని పేరులను పరిశీలింపవలెను.

మొదటి ఆధారము చేతికందిన సామగ్రి. గుత్తిసీమ వజ్రములు, పాండ్యతీరపు ముత్యములు, సముద్రముపై వచ్చిన పెగూ కెంపులు విజయనగరపు అంగళ్లకు చేరెడివి. 1520 ప్రాంతమున ఆ నగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహానవమి ఉత్సవములలో అంతఃపురస్త్రీలు నగల బరువును మోయజాలకుండగా, తోడివారు వారి చేతులు పట్టి నడిపించిరని వ్రాసినాడు. తిరుమలలో చేతులు జోడించి నిలిచిన రాయలవారి, ఇరువురు దేవేరుల ప్రతిమలపై ఆనాటి నగల తీరును నేటికిని చూడవచ్చును.

రెండవ ఆధారము కన్నులయెదుటి ప్రకృతి. మామిడిపిందెల పేరు, మొగలిరేకు, చేమంతిబిళ్ల, చంద్రవంక, నాగరము అను పేరులలోనే నగ రూపము తెలియుచున్నది. దేవాలయ స్తంభములపై కానవచ్చు హంసలు, మకరములు, లతలు పతకములలోను, వంకీలలోను చిన్నవై కానవచ్చును.

మూడవది రంగస్థలము. 1532 మొదలు 1673 వఱకు తంజావూరు నేలిన నాయకుల కొలువున తెలుగు సాహిత్యభాషగా వెలసినది. ఆ సీమలోని మేలట్టూరున నేటికిని నరసింహజయంతికి తెలుగు భాగవతమేళ నాటకములను ఆడుచున్నారు. స్త్రీపాత్రలను పురుషులే ధరింతురు. రాత్రివేళ దీపపు వెలుగున దూరముగా కూర్చున్నవారికిని పాత్ర తెలియవలెనన్న, నగ పెద్దదై, ఎఱ్ఱరాళ్లతో మెఱయుచుండవలెను. కృష్ణాతీరపు కూచిపూడివారి భామాకలాపమునను సత్యభామ జడయే ఆమె గర్వమునకు గుర్తు.

ఈ ఊహలకు హద్దు నిర్ణయించునది పనిపద్ధతి. కమ్మచ్చున తీసిన తీగ, అచ్చుపై కొట్టిన రేకు, డొల్లలో నింపిన లక్క, రాతిచుట్టును ఒత్తిన మేలిమి కుందనము, వీని గుణములెఱిగినవాడే క్రొత్త నమూనాను తలపెట్టగలడు. లోపల లక్క నిండియుండుటచేతనే కొలది బంగారముతో నిండైన రూపమును చూపుట సాధ్యమైనది.

తమిళనాట స్థిరపడిన మన కాసులపేరు పొరుగువారికి కాశుమాలై, మామిడిపిందెల పేరు మాంగామాలై, ఒడ్డాణము ఒడ్డియాణము. ఈ సొమ్ము ఇరుభాషలవారిది. ఇది మాది, అది మీదియని వాదించుటకంటె ఇరువురును దీనిని కాపాడుకొనుట మేలు. పాతనగను కరగించినపుడు బంగారము చేతికి వచ్చును గాని, దాని రూపమును, పేరును, చేసినవాని స్మృతియును తిరిగి రావు. కావున ఇంటి పెద్దలు జీవించియుండగనే నగల పేరులను, అవి చేసిన స్వర్ణకారుల పేరులను అడిగి వ్రాసియుంచుడనియు, కరగింపకమునుపు ఒక్క ఛాయాచిత్రమునైన తీయించుడనియు సంఘసభ్యులను ప్రార్థించుచున్నాను.